మధ్యలో ఆగిన పాట

ప్రేమ పాటంటే నాకో లెక్క ఉండేది. వెనక వందమంది ఆడాలి, కొండా కోనా కనబడాలి! 2000లో తేజ తీసిన 'చిత్రం' వచ్చి ఆ లెక్కంతా తలకిందులు చేసింది. ఉదయ్ కిరణ్‌కి అదే మొదటి సినిమా. ఇంటర్ కుర్రాడి గొడవ. ఆర్.పి. పట్నాయక్ బాణీలు, కులశేఖర్ మాటలు... అచ్చం మా బెంచీ మీద కూర్చుని కబుర్లాడినట్టే ఉండేవి.

నేనూ అప్పుడు ఇంటరే. పెదకూరపాడులో రైలెక్కి గుంటూరు వెళ్లేవాణ్ణి. అదే పెట్టెలో ఆవిడ... (ఆవిడేమిటి నా మొహం, పదహారేళ్ల పిల్ల!) ఓ రోజు ఆ క్యాసెట్ అడిగింది. మూడోనాడు తిరిగిచ్చి "బాగున్నాయండీ" అంది. అంతే.

ఇంటికొచ్చి టేప్‌రికార్డర్‌లో పెట్టానా, రెండోవైపు ఓ పాట సగంలోంచి మొదలైంది! ఏ పాటో చెప్పను లెండి. కావాలనే అక్కడ ఆపిందా? కరెంటు పోయిందా? అడుగుదామని సిరిపురం దాకా గుండె కూడగట్టుకునేవాణ్ణి. నల్లపాడు వచ్చేసరికి జారిపోయేది. ఈలోగా పరీక్షలూ అయిపోయాయి.

2014లో ఉదయ్ కిరణ్ పోయాడు. 2024 నవంబర్లో కులశేఖర్. ఆ కబురు విన్న రాత్రి అటకమీది పెట్టె దింపాను. క్యాసెట్ ఉంది. వినడానికి టేప్‌రికార్డరే లేదు. చిటికెన వేలు పెట్టి తిప్పబోయి, మళ్లీ అలాగే ఉంచేశాను.