పర్వత్ పాటియాలో బంతిపూల కాలం
మగ్గం ఆగేది దీపావళికి, బతుకమ్మ వచ్చేది దసరాకు. ఆ ఇరవై రోజుల తేడాలోనే సూరత్ తెలుగువాళ్ల ఇంటి కథ ఉంది

పేరు చూసి ఇక్కడ గుట్టల కోసం వెతికితే నిరాశ తప్పదు. సూరత్ నగరానికి తూర్పున ఉన్న పర్వత్ పాటియాలో ఎత్తయినవి అపార్ట్‌మెంట్లు, వాటి తర్వాత బట్టల మార్కెట్ల భవనాలు. అంతే. పర్వత్ అన్నది ఒక పాత ఊరి పేరు. పాటియా అంటే గుజరాతీలో బల్ల, ఫలకం. పెద్ద రోడ్డు మీద ఫలానా ఊరికి ఇటు తిరగాలని చెప్పే బోర్డున్న చోటును ఆ ఊరి పాటియా అంటారు. ఊరిని నగరం మింగేసింది. బోర్డు పేరు మాత్రం మిగిలింది.

సూరత్ ఎలాంటి నగరమో చెప్పడానికి ఈ కూడలిలో ఓ గంట నిలబడితే చాలు. చీరల మూటలు మోసే టెంపోలు, రాజస్థానీ వ్యాపారుల మిఠాయి కొట్లు, వడాపావ్ బండ్లు, బీఆర్టీఎస్ బస్సులు. మార్వాడీ, మరాఠీ, ఒడియా, భోజ్‌పురి మాటలు చెవిన పడుతుంటాయి. వాటి మధ్య తెలంగాణ యాసలో తెలుగూ వినిపిస్తుంది. పక్కనున్న లింబాయత్, గోడాదరా, డిండోలీలు కలుపుకుంటే నగరంలో తెలుగు వాళ్లు ఎక్కువగా ఉండే పట్టీ ఇదే. వీరిలో చాలామంది పద్మశాలీలు. చేతిమగ్గం కూడు పెట్టడం మానేశాక కరీంనగర్, వరంగల్, నల్గొండ ప్రాంతాల నేతగాళ్లు షోలాపూర్‌కి, భివండీకి, సూరత్‌కి దారి పట్టారు. కొన్ని ఇళ్లలో ఇప్పుడున్నది మూడో తరం. సిరిసిల్లలో మరమగ్గాన్ని సాంచా అంటారు. సూరత్‌లోనూ దాదాపు అదే మాట. భాష మారిన చోట పని పేరు మారకపోవడం వలస వచ్చినవాడికి కాస్త ఊరట.

వానాకాలం ఇక్కడ ఎవరికీ ఇష్టమైన కాలం కాదు. గట్టి వాన పడిందంటే మీఠీ ఖాడీ పొంగి పర్వత్ గావ్, లింబాయత్ వీధుల్లోకి నీళ్లొస్తాయి. 2006 ఆగస్టులో ఉకాయ్ డ్యామ్ నుంచి వదిలిన నీటితో తాపీ నది నగరంలో అత్యధిక భాగాన్ని ముంచిన సంగతి పెద్దవాళ్లు ఇప్పటికీ చెప్పుకుంటారు. అందుకే భాద్రపదం చివర్లో ఎండ కాయడం మొదలవగానే ప్రతి మేడ మీదా పరుపులు, బొంతలు, బియ్యం డబ్బాలు కనబడతాయి. శరత్తు ఇక్కడికి వెన్నెలతో రాదు, ఎండబెట్టిన దుప్పట్లతో వస్తుంది. ఆ వెనకే పూలు వస్తాయి.

అసలు తిరకాసూ అక్కడే మొదలవుతుంది. దీపావళికి దేశమంతా కొనే చీరల్లో పెద్ద వాటా సూరత్‌ది. అంటే దీపావళికి ముందు నెలా రెండు నెలలు ఇక్కడి సాంచాలకు ఊపిరాడదు. పన్నెండేసి గంటల షిఫ్టులు. కూలీ మీటరు లెక్కన. ఒక రోజు పని మానితే ఆ రోజు కూలీ పోయినట్టే. సరిగ్గా ఆ రోజుల్లోనే తెలంగాణలో ఆడబిడ్డలు పుట్టింటికి చేరతారు. పెద్దల అమావాస్య నాడు ఎంగిలి పూలతో మొదలై దుర్గాష్టమికి సద్దులతో ముగిసే తొమ్మిది రోజుల బతుకమ్మ అది. సూరత్‌లో సాంచాలు ఆగి, కార్మికుడికి నిజంగా సెలవు దొరికేది దీపావళికి. అప్పటికి ఊళ్లో బతుకమ్మ నీళ్లలో కలిసి ఇరవై రోజులు దాటి ఉంటుంది.

పిల్లల సెలవులదీ ఇదే వరస. తెలంగాణ బడులకు దసరా సెలవులు. గుజరాత్ బడులకు దీపావళి సెలవులు, మూడు వారాలు. సూరత్ పిల్లలు నవజీవన్ ఎక్స్‌ప్రెస్‌లో వరంగల్ దిగి అమ్మమ్మ ఇంటికి చేరేసరికి మేనత్త పిల్లలు, పెద్దమ్మ పిల్లలు సంచీ తగిలించుకుని బడికి పోతుంటారు. ఒకే కుటుంబంలోని పిల్లలు ఏటా ఒకరినొకరు ఇరవై రోజుల తేడాతో తప్పిపోవడం చిన్న విషయంగా కనబడవచ్చు. పదేళ్లు అలా జరిగితే వాళ్లు చుట్టాలే గానీ స్నేహితులు కారు.

పండక్కి ఊరు వెళ్లలేనివాళ్లు చేయగలిగింది ఒక్కటే, పండగను ఇక్కడికి తెచ్చుకోవడం. అది తేలికేమీ కాదు. బతుకమ్మకు పూలు కావాలి, పళ్లెం కావాలి, పేర్చే చేయి కావాలి. గునుగు ఎక్కడైనా కలుపు మొక్కే కాబట్టి నగరం చివరి పొలాల గట్ల మీద దొరుకుతుంది. తంగేడు దొరకని ఏడాది బంతిపూలే పెద్దరికం తీసుకుంటాయి. బంతికి కొదవ లేదు, దసరాకు గుమ్మాలకు బంతి తోరణాలు కట్టడం గుజరాతీలకూ ఆచారమే. గుమ్మడి పువ్వు కోసం మార్కెట్లో కూరగాయలమ్మే బెన్‌కు ముందే చెప్పి పెట్టుకుంటారు. ఆమెకు ఆ పువ్వు వండుకునే సరుకు. దాన్ని ఎందుకు అంత అపురూపంగా పట్టుకెళతారో మొదటి ఏడాది ఆమెకు అర్థం కాదు. రెండో ఏడాది తనే తీసి పక్కన పెడుతుంది.

పేర్చే పని మధ్యాహ్నం మొదలవుతుంది. మగవాడిది రాత్రి షిఫ్టయితే ఆ గదిలోనే ఒక మూల నిద్రపోతుంటాడు. ఒకే గది ఇంట్లో పూలు, చీరలు, నిద్ర, వంట అన్నీ ఒక్కచోటే. చీరలు ఎందుకంటే, సూరత్‌లో ఎందరో ఆడవాళ్లకు ఇంటి దగ్గరి పని అదే: దారాలు కత్తిరించడం, లేసు కుట్టడం, రాళ్లు అతికించడం. ఆ తొమ్మిది రోజులు చీరల మూట మంచం కిందికి పోతుంది. కూలీ కొంత తగ్గుతుంది. లెక్క తెలిసిన ఇల్లాలు తెలిసే ఆ నష్టాన్ని భరిస్తుంది. గునుగుకు రంగులద్దడం, వరసలు తప్పకుండా పేర్చడం, పైన గౌరమ్మను పెట్టడం ఆమెకు పూజ ఎంతో సరదా కూడా అంతే. కుట్టుపనిలో డిజైను సేటుది. ఇక్కడ మాత్రం ఏ రంగు ఎక్కడ పెట్టాలో తనే నిర్ణయిస్తుంది.

పిల్లలు తొడిమలు తుంచుతూ మధ్యలో ప్రశ్నలు వేస్తారు. సమాధానం నాయనమ్మ చెబుతుంది, తెలుగులో. పిల్ల తిరిగి అడుగుతుంది, సగం గుజరాతీలో. సూరత్ మునిసిపాలిటీ బడుల్లో గుజరాతీ, హిందీ, మరాఠీ, ఉర్దూ, ఒడియా, ఇంగ్లీషుతో పాటు తెలుగు మాధ్యమం కూడా ఉంది. పరరాష్ట్రంలో ఒక నగరపాలక సంస్థ తెలుగులో చదువు చెప్పించడం మెచ్చుకోవలసిన సంగతే. అయినా పిల్లను ఏ బడిలో వేయాలన్నది ప్రతి ఇంట్లోనూ వాదనే. తెలుగులో చదివితే నాయనమ్మకు ఉత్తరం రాయగలదు. గుజరాతీలోనో ఇంగ్లీషులోనో చదివితే మార్కెట్లో లెక్కలు రాసే ఉద్యోగమైనా వస్తుంది. సాంచా మీదికి మాత్రం పోవద్దన్న విషయంలో తల్లిదండ్రులిద్దరిదీ ఒకటే మాట.

సాయంత్రం ఆరున్నరకు గల్లీలో బతుకమ్మలు దిగుతాయి. వదినా మరదళ్లు, ఇరుగు పొరుగు చుట్టూ చేరి చప్పట్లు కొడుతూ తిరుగుతారు. ఏడున్నర, ఎనిమిదికల్లా ముగించాలి. ఎందుకంటే ఆ తర్వాత అదే గల్లీలో మైకులు కట్టి గర్బా మొదలవుతుంది. బతుకమ్మ అమావాస్య నాడు మొదలైతే నవరాత్రి మర్నాడు పాడ్యమికి మొదలవుతుంది. అంటే ఎనిమిది రోజులు రెండు పండగలకూ ఒకే నేల. మధ్యలో పూలగోపురం పెట్టుకుని తిరిగితే బతుకమ్మ. చిల్లుల కుండలో దీపం పెట్టుకుని తిరిగితే గర్బా. చుట్టూ తిరగడం, చప్పట్లు కొట్టడం, అమ్మవారిని పాటతో పిలవడం రెండింటిలోనూ ఉన్నవే. తెలంగాణ 2014లో బతుకమ్మను రాష్ట్ర పండగ చేసుకుంది. గర్బాను యునెస్కో 2023 డిసెంబరులో మానవాళి వారసత్వ జాబితాలో చేర్చింది. పర్వత్ పాటియా ఆడపిల్లకు మాత్రం రెండూ సాయంత్రం పనులే. ఆరున్నరకు లంగా ఓణీ, తొమ్మిదికి చనియా చోళీ. అడుగు ఎక్కడ మార్చాలో కాళ్లకే తెలుసు.

నాయనమ్మలకు ఇందులో సంతోషమూ ఉంది, కొంచెం బెంగా ఉంది. గర్బా పాటలు పిల్లకు నోటికి వస్తాయి. బతుకమ్మ పాటలో పెద్దవాళ్లు చరణం అందుకుంటే తాను కోరస్ వరకే. పాట మొత్తం వచ్చినవాళ్లు ప్రతి గల్లీలో ఒకరిద్దరే, వాళ్లకు అరవై దాటాయి. ఫోనులో రికార్డు పెట్టి ఆడవచ్చు, ఆడుతున్నారు కూడా. కానీ రికార్డు ఆ గల్లీలో పెళ్లయిన పిల్ల పేరును పాటలో కలపదు. నోటితో పాడే అవ్వ కలుపుతుంది.

ఆటయ్యాక మిగిలేది నీళ్ల సంగతి. ఊళ్లో అయితే చెరువు. ఇక్కడ తాపీ దాకా వెళ్లగలిగినవాళ్లు వెళతారు, వీలుకాని వాళ్లకు నీళ్లు నింపిన తొట్టే చెరువు. తర్వాత సద్దులు పంచుకుంటారు: చింతపండు పులుసన్నం, పెరుగన్నం, నువ్వుల సద్ది, రొట్టె బెల్లం కలిపిన మలీద. మలీద తిన్న గుజరాతీ పిన్నిగారికి అది కొత్త కాదు, వాళ్ల చుర్మాకు చెల్లెలు. దసరా ఉదయం బాకీ తీర్చుకోవడం ఆమె వంతు, పొట్లం నిండా ఫాఫ్డా జిలేబీ వస్తుంది. జమ్మి ఆకు బంగారం ఎవరో ఒకరు ఎక్కడి నుంచో తెస్తారు. పాలపిట్టను చూడటం మాత్రం ఈ మేడల మధ్య అదృష్టం మీద ఆధారపడిన విషయం. పిల్లలు ఫోనులో బొమ్మ చూసి దండం పెట్టేస్తారు.

పున్నమికి గుజరాతీ ఇళ్లలో పాలలో అటుకులు వేసి వెన్నెలలో పెడతారు. అటుకుల బతుకమ్మ చేసిన చేతులకు ఇదీ దగ్గరి వంటకమే. మర్నాడు సూరత్‌కు మాత్రమే సొంతమైన చాందనీ పడవో. ఆ రాత్రి ఊరంతా ఘారీ తింటుంది. కోవా, నెయ్యి, జీడిపప్పు, పిస్తాలతో చేసిన ఈ మిఠాయి ఒక్కటి తింటే రాత్రి భోజనం అక్కర్లేదు. పక్కన కారంగా భూసు ఉండాలి. మేడల మీద, రోడ్ల పక్కన, నది ఒడ్డున చాపలు పరుచుకుని కుటుంబాలు కూర్చుంటాయి. డబ్బున్నవాడు కిలోల్లో కొంటాడు, సాంచా మీద పనిచేసేవాడు పావుకిలో తెచ్చి నలుగురికి నాలుగు ముక్కలు చేస్తాడు. వెన్నెలకు మాత్రం ధర లేదు.

ఈ నగరానికీ తెలంగాణ పండగకూ మరో ముడి కూడా ఉంది. 2017లో తెలంగాణ ప్రభుత్వం సిరిసిల్ల నేతగాళ్లకు పని కల్పించేందుకు బతుకమ్మ చీరల పంపిణీ మొదలుపెట్టింది. ఆ మొదటి ఏడాది కావలసినన్ని చీరలు అక్కడ నేయడం సాధ్యం కాక కొన్నిటిని సూరత్ నుంచి కొన్నారు. దాని మీద పెద్ద దుమారమే రేగింది. చీర సిరిసిల్లది కాదన్న కోపం న్యాయమైనదే. కానీ సూరత్ సాంచా దగ్గర నిలబడేవాళ్లలో ఒకనాడు సిరిసిల్ల వైపు నుంచి వచ్చిన కుటుంబాల వాళ్లూ ఉన్నారన్నది ఆ గొడవలో ఎవరికీ గుర్తురాలేదు.

దీపావళి దాటాక సూరత్ శబ్దం మారుతుంది. పొద్దూ రాత్రీ వినిపించే సాంచాల టకటక ఆగిపోతుంది. గుజరాతీ కొత్త సంవత్సరం నాడు ఇరుగు పొరుగు ‘సాల్ ముబారక్’ చెప్పుకుంటారు. మార్కెట్లు మళ్లీ తెరుచుకునేది లాభ పంచమికే. సాంచాలు పూర్తిగా ఊపందుకోవడానికి ఇంకా రోజులు పడుతుంది. రైలు టికెట్టు దొరికినవాళ్లు ఊరికి పోతారు. దొరకనివాళ్ల ఇళ్లలో ఏడాదిలో అరుదైన సంఘటన జరుగుతుంది: తండ్రి పగలంతా మెలకువగా ఇంట్లో ఉంటాడు. పిల్లలతో గల్లీ క్రికెట్ ఆడతాడు, ఆదివారం డుమస్ సముద్రతీరానికి తీసుకెళ్లి టమోటా భజియాలు తినిపిస్తాడు, భార్య వేసిన ముగ్గులో రంగులు నింపుతాడు. ఈ సంపాదనంతా ఎందుకో తెలిసేది ఆ పది పదిహేను రోజుల్లోనే.

ఈ నగరాన్ని వదిలి పారిపోయిన శరత్తు కూడా ఒకటుంది. 1994 సెప్టెంబరులో ప్లేగు భయంతో లక్షల మంది సూరత్ విడిచి వెళ్లారు. ఆ మర్నాటి ఏడాది నుంచి మునిసిపల్ కమిషనర్ ఎస్.ఆర్. రావు నగరాన్ని శుభ్రం చేయించిన తీరు దేశమంతా చెప్పుకుంది. వెళ్లినవాళ్లు తిరిగి వచ్చారు, కొత్తవాళ్లనూ వెంట తెచ్చారు. పని ఎక్కడుంటే మనిషి అక్కడికే వస్తాడనడానికి అది ఒక రుజువు. అయితే పని కోసం వచ్చినవాడు పండగను కూడా తెచ్చుకుంటే అది డేరా కాదు, ఇల్లవుతుంది.

చూడాలనుకునేవారు బతుకమ్మ చివరి రెండు మూడు రోజుల్లో వెళ్లడం మంచిది. సాయంత్రం ఆరు గంటలకే గల్లీలో ఉంటే రెండు పండగలూ ఒకే రాత్రి చూడవచ్చు. కొంచెం ముందే వెళితే మేడ మీద పాత పెయింటు డబ్బాల్లో పెరిగే బంతి మొక్కలు కూడా కనబడతాయి. పండగయ్యాక ఆడవాళ్లు ఎండిన బంతిపూలను పారేయరు. గుడ్డలో మూటకట్టి గూట్లో పెడతారు. తొలకరికి ఆ విత్తనం చల్లితే బతుకమ్మ వేళకు పువ్వవుతుంది. పదవీ విరమణ తర్వాత ఊరికి పోతామని మగవాళ్లు ఏటా అంటూనే ఉంటారు. విత్తనాల మూట మాత్రం ఏటా పర్వత్ పాటియా గూట్లోకే చేరుతోంది.