మూత వెనక తీగ

మా అనుమసముద్రంపేట దర్గాకి జబ్బులు నయం కావాలని ఎక్కడెక్కణ్ణుంచో వస్తారు. మా ఇంట్లో జబ్బుకి మాత్రం మేమే ఆత్మకూరు వెళ్ళాం. జబ్బు ల్యాప్‌టాప్‌కి లెండి!

కాన్పుకొచ్చిన అమ్మాయి ఇంట్లోంచే ఉద్యోగం చేస్తోంది. రౌటరు పక్కన పెడితే వైఫై బుద్ధిగా వస్తుంది, గడప దాటితే పోతుంది. ‘బోర్డు పోయింది, కొత్తది కొనండి’ అన్నాడో షాపాయన. కొనాలంటే కాన్పుకి దాచిన డబ్బు కదలాలి. కొనకపోతే ఉద్యోగమే కదిలేట్టుంది.

ఆత్మకూరు కుర్రాడు ముందు ప్రశ్నలు వేశాడు. అదే చోట ఫోనుకి వస్తోందా? వస్తోంది. అయితే రౌటరు మంచిదే. ల్యాప్‌టాప్‌లో వైఫై కార్డు పేరు కనిపిస్తోందా? కనిపిస్తోంది. అయితే కార్డు పూర్తిగా చావలేదు. దగ్గర పట్టి, దూరాన వదిలేస్తోందంటే యాంటెన్నా చూడాలన్నాడు.

అడుగు మూత విప్పి, ముందు బ్యాటరీ తీగ ఊడదీశాడు. ఆ జాగ్రత్త నాకు నచ్చింది. తపాలా బిళ్ళంత కార్డు, దానికి నలుపొకటి, తెలుపొకటి సన్నతీగలు. మడతబందు గుండా పాకి తెర అంచుదాకా పోతాయట. మూత తెరిచి మూసినప్పుడల్లా నలిగేవి అవే, పాపం! ఒకటి కార్డు మీంచి ఊడింది, రెండోది మడతలో తెగింది. తెగినదాన్ని మార్చి, ఊడినదాన్ని గుండీలా టక్కున నొక్కాడు.

ఇప్పుడు అమ్మాయి పెరటి వరండాలోనే మీటింగులు. మజ్జిగ తీసుకెళితే, ‘అమ్మా, కెమెరాకి అడ్డం రాకే!’ అంటుంది.