కారిడార్ చివర బాత్రూమ్

రెండేళ్ళ క్రితం ఒక డెవలపర్ కాన్ఫరెన్స్‌కి శాన్‌ఫ్రాన్సిస్కో వెళ్ళాను. ఫ్లైట్ టికెట్ కంపెనీది. హోటల్‌కి మాత్రం రోజుకింత అని లెక్క కట్టి ఇచ్చారు. కాన్ఫరెన్స్ వారంలో ఆ ఊళ్ళో ఆ డబ్బుకి మంచి హోటల్ రాదు. వెతగ్గా వెతగ్గా సిక్స్త్ స్ట్రీట్ దగ్గర ఒక పాత హోటల్లో గది దొరికింది. ఫోటోల కింద చిన్న అక్షరాల్లో ‘షేర్డ్ బాత్రూమ్’ అని ఉంది. చూసి నవ్వొచ్చింది. పదేళ్ళు దాటి ఉద్యోగం చేసి, అమెరికా దాకా వచ్చి, మళ్ళీ ఎస్సార్ నగర్ గదికే చేరానన్నమాట.

గది నిజంగానే అలాగే ఉంది. ఒక మంచం, ఒక కుర్చీ, గోడకి వాష్ బేసిన్, ఒక కిటికీ. కారిడార్ చివర బాత్రూమ్. కౌంటర్‌లో కూర్చున్నాయన గుజరాతీ. “మీలాగా వచ్చిపోయేవాళ్ళు ఇక్కడ తక్కువ. పై అంతస్తుల్లో అందరూ ఇక్కడే ఉంటారు,” అన్నాడు హిందీలో. ఇక్కడే అంటే ఏమిటో నాకు వెంటనే అర్థం కాలేదు. “ఇక్కడే. వాళ్ళ ఇల్లు ఇదే,” అన్నాడు.

మర్నాడు పొద్దున బాత్రూమ్ దగ్గర నాకంటే ముందు ఒక ముసలాయన నిలబడి ఉన్నాడు. భుజాన తువ్వాలు, చేతిలో సబ్బుపెట్టె. నన్ను చూసి, తొందరగా ఉంటే ముందు వెళ్ళమని సైగ చేశాడు. నాకు మాస్టారు గుర్తొచ్చారు.

2010లో ఇంజనీరింగ్ అయ్యాక అందరిలాగే అమీర్‌పేటలో జావా నేర్చుకోడానికి వచ్చాను. ఎస్సార్ నగర్‌లో ఒక మూడంతస్తుల ఇంటి డాబా మీద వరసగా ఐదు గదులు, రేకుల కప్పు. చివర ఒక బాత్రూమ్. మా గది అద్దె 3,000, ముగ్గురం పంచుకునేవాళ్ళం. పక్క గదిలో ఉండే పెద్దాయన్ని అందరం మాస్టారు అనేవాళ్ళం. ఆయన నిజానికి మాస్టారేం కాదు, ప్రెస్సులో ప్రూఫులు దిద్ది దిద్ది కళ్ళు పాడై మానేసిన మనిషి. పెళ్ళి చేసుకోలేదు. అప్పటికే పదకొండేళ్ళుగా ఆ గదిలో ఉంటున్నారు. అన్నం వండుకుని, కూర కర్రీ పాయింట్ నుంచి తెచ్చుకునేవారు. మేమూ అంతే. ఆయన మంచం కింద రెండు అట్టపెట్టెల పుస్తకాలుండేవి. పాఠ్యపుస్తకం కాని తెలుగు పుస్తకం నేను మొదటిసారి చదివింది ఆ పెట్టెల్లోంచి తీసుకునే. ఇవాళ పుస్తకాల మీద నాలుగు ముక్కలు రాస్తున్నానంటే ఆయన పెట్టిన బిక్షే.

కాన్ఫరెన్స్ జరిగింది మోస్కోనీ సెంటర్లో. ఆపిల్ దగ్గర్నుంచి ప్రతి పెద్ద కంపెనీ ఎప్పుడో ఒకప్పుడు వేదికెక్కిన చోటు. చివరి రోజు పొద్దున కౌంటర్ ఆయన, “నువ్వు రోజూ వెళ్ళొస్తున్న చోట ఒకప్పుడు ఇలాంటి హోటళ్ళే ఉండేవి,” అన్నాడు. తిరిగొచ్చాక పాల్ గ్రోత్ 1994లో రాసిన ‘లివింగ్ డౌన్‌టౌన్’ తెప్పించుకుని చదివాను. అమెరికా హోటళ్ళలో కాపురాలున్నవాళ్ళ చరిత్ర అది. టెక్నికల్ పుస్తకం చదివినట్టు పెన్సిల్ పట్టుకుని చదివాను.

ఆయన చెప్పేదాని ప్రకారం ఒకప్పుడు అమెరికా నగరాల్లో హోటల్లో ‘ఉండడం’ మామూలు విషయం. డబ్బున్నవాళ్ళకి ప్యాలెస్‌లాంటివి, గుమస్తాలకీ పనివాళ్ళకీ రూమింగ్ హౌసులు, రోజుకూలీలకి ఇంకా చవకవి. రూమింగ్ హౌసులో గది మాత్రమే మనది. వంటిల్లు వీధి చివరి టిఫిన్ సెంటర్, ముందుగది టీకొట్టో బారో, బట్టలు లాండ్రీలో. ఇల్లంతా వీధిలో పరుచుకుని ఉంటుంది. ఇది చదివినప్పుడు నాకు మా కర్రీ పాయింట్ కనబడింది. మేం ఎవరం చెప్పకుండానే సరిగ్గా అలాగే బతికాం.

మరి ఇవి ఏమైపోయాయి? కూలిపోయే రోజుకి చాలా ముందే కాగితం మీద చచ్చిపోయాయి. సంస్కర్తలకి అవి రోగాలకీ చెడు సావాసాలకీ నిలయాలుగా కనబడ్డాయి. వంటిల్లు, సొంత బాత్రూమ్ లేనిది ఇల్లే కాదన్నారు. న్యూయార్క్ 1955లో ఇలాంటి గదులు కొత్తగా కట్టడాన్ని నిషేధించింది. 1970ల్లో, ఉన్నవాటిని అపార్ట్‌మెంట్లుగా మారిస్తే పన్ను రాయితీ ఇచ్చింది. ఒకప్పుడు ఆ ఊళ్ళో ఇలాంటి గదులు దాదాపు 2 లక్షలు. ఇప్పుడు మిగిలినవి 30, 40 వేలు. 1980ల్లో న్యూయార్క్ వీధుల్లో అంతమంది నిద్రపోవడానికి కారణాలు చాలా ఉన్నాయి గానీ, ఈ గదులు పోవడం వాటిలో ఒకటి.

శాన్‌ఫ్రాన్సిస్కోలో మోస్కోనీ చుట్టుపక్కల స్థలాన్ని 1960ల్లో ‘పునరభివృద్ధి’ కింద తీసుకున్నారు. దాదాపు 4 వేలమందిని కదిలించారు. ఎక్కువమంది రిటైరైన ఒంటరి మగవాళ్ళు, ఓడల్లోనూ డాకుల్లోనూ పనిచేసినవాళ్ళు. జార్జ్ ఉల్ఫ్ అనే పాత కార్మిక నాయకుడు ఆ ముసలివాళ్ళందర్నీ కూడగట్టి 1969లో కోర్టుకెక్కాడు. ఆ పోరాటం వల్ల కొన్ని వృద్ధుల ఇళ్ళు వచ్చాయి. ఆయన పేరుతో ఉల్ఫ్ హౌస్ ఇప్పటికీ మోస్కోనీ పక్కనే ఉంది. నాలుగు రోజులూ దాని ముందు నుంచే నడిచాను, తలెత్తి చూడలేదు. అదే ఊళ్ళో ఇంటర్నేషనల్ హోటల్ అని ఇంకొకటుండేది. 1977 ఆగస్టు 4 తెల్లవారుజామున వందలాది పోలీసులొచ్చి, చుట్టూ చేతులు పట్టుకుని నిలబడ్డ వేలమందిని తోసేసి, లోపల మిగిలిన యాభై మంది దాకా ముసలి ఫిలిపినోలనీ చైనీయులనీ బయటికి పంపారు. తర్వాత కూల్చేశారు. ఆ స్థలంలో మళ్ళీ ఇళ్ళు లేచింది 2005లో.

ఆ సంస్కర్తలని తిట్టుకోవడం తేలిక. మా గదేమీ స్వర్గం కాదు. ఏప్రిల్ వస్తే రేకుల కింద మధ్యాహ్నం రెండింటికి మనిషి ఉండలేడు. నా రూమ్మేట్‌కి అక్కడి నీళ్ళవల్లే కామెర్లొచ్చాయని ఇప్పటికీ అనుమానం. కాబట్టి గదులు బాగుండాలనడంలో తప్పు లేదు. కానీ బాగుచేయమనడం వేరు, లేకుండా చేయడం వేరు. ఆ రెండోది నేనూ చేశాను.

మేం మియాపూర్‌లో ఫ్లాట్ కొనుక్కున్న రెండో ఏడు. టెర్రస్ మీద బిల్డర్ కట్టి వదిలేసిన ఒక గది ఉండేది. అందులో ఇద్దరు కుర్రాళ్ళు అద్దెకుండేవాళ్ళు. రాత్రిళ్ళు ఆలస్యంగా వస్తున్నారని, లిఫ్టులో ఆడవాళ్ళకి ఇబ్బందిగా ఉందని అసోసియేషన్ మీటింగ్‌లో మాటొచ్చింది. వాళ్ళు ఎవర్నైనా ఏమైనా అన్నారా అంటే ఎవరూ చెప్పలేదు. ‘ఫ్యామిలీస్‌కి తప్ప అద్దెకివ్వరాదు’ అని తీర్మానం రాశారు. మా పాపకి అప్పుడు రెండేళ్ళు. రిజిస్టర్లో సంతకం పెట్టాను. కుర్రాళ్ళు నెలాఖరుకి ఖాళీ చేశారు. ఆ గదిని జిమ్ చేశాం. రెండు ట్రెడ్‌మిల్లులు, ఒకటి పనిచేయదు.

మూడేళ్ళ తర్వాత మాస్టారు ఫోన్ చేశారు. ఎస్సార్ నగర్ ఇల్లు పడగొడుతున్నారట. “మీ వైపు ఎక్కడైనా ఒక గది ఉంటుందేమో చూస్తావుటయ్యా? ఒక్కడినే కదా, ఎలాగున్నా ఫర్లేదు,” అన్నారు. “చూస్తాను సార్,” అన్నాను. మా బిల్డింగ్‌లో గది ఉండేదని, దాన్ని నేనే తీయించానని చెప్పలేదు. చుట్టుపక్కల రెండు టులెట్ బోర్డులకి ఫోన్ చేశాను. ఇద్దరూ మొదట అడిగింది ఒకటే, “ఫ్యామిలీయేనా అండీ?” హాస్టళ్ళలో బెడ్లు ఉన్నాయి గానీ డెబ్బై ఏళ్ళ మనిషికి ఇవ్వడానికి వాళ్ళు ఇష్టపడలేదు. తర్వాత ఆఫీసులో రిలీజ్ ఒత్తిడి. మళ్ళీ ఫోన్ చేయలేదు.

ఉల్ఫ్ గురించి చదివిన రాత్రి మాస్టారికి ఫోన్ చేశాను. తెనాలి దగ్గర చెల్లెలి కొడుకు ఇంట్లో ఉంటున్నారు. నా మీద కోపమేం లేదు, అది ఇంకా కష్టంగా అనిపించింది. పుస్తకాలేవని అడిగితే, హాల్లో పెట్టడానికి చోటులేక లైబ్రరీకి ఇచ్చేశానన్నారు. “బాగానే చూసుకుంటున్నారయ్యా. టైముకి అన్నం పెడతారు, బాత్రూమ్ కూడా దగ్గరే. పడుకునేది హాల్లో కదా, లోపల గడియ పెట్టుకోడానికి తలుపుండదు. అదొక్కటే.”

వచ్చే నెల మా అసోసియేషన్ జనరల్ బాడీ మీటింగ్. ఆ తీర్మానం మళ్ళీ చర్చకి పెట్టాలని గ్రూపులో మెసేజ్ పెట్టాను. ఇప్పటిదాకా ఇద్దరు జవాబిచ్చారు. ఒకాయన బొటనవేలు పెట్టారు. ఇంకొకావిడ, “మరి జిమ్ ఎక్కడ పెడదామండీ?” అని అడిగారు.