రాత్రి పదింటికి ఏ లాయర్‌కి ఫోన్ చేస్తారు?

జ్వరమొస్తే ఏ డాక్టర్ దగ్గరికి పోవాలో వీధిలో ఎవరినడిగినా చెప్తారు. ఇంట్లో మనిషిని పోలీసులు తీసుకెళ్తే ఎవరికి ఫోన్ చేయాలో మాత్రం చాలామందికి తెలీదు. పోయిన ఏడాది మా ఇంట్లోనూ అదే పరిస్థితి.

మా బాబాయ్ కొడుకు డెలివరీ పని చేస్తాడు. ఒక అపార్ట్‌మెంట్‌లో దొంగతనం జరిగిందని, ఆ రోజు అక్కడికి వెళ్లినవాళ్లలో వీడూ ఉన్నాడని రాత్రి పదింటికి స్టేషన్‌కి తీసుకెళ్లారు. ‘అడిగి పంపించేస్తాం’ అన్నారు. తెల్లారింది, వాడు రాలేదు. అరెస్ట్ చేశారా అంటే లేదంటారు. మరి పంపండి అంటే కూర్చోమంటారు.

గూగుల్‌లో వెతికితే అన్నీ హైదరాబాద్ లాయర్ల పేర్లే. ఒకాయన మాట్లాడటానికే పదివేలు అడిగారు. పౌరహక్కుల లాయర్ అనగానే మనకి కన్నబిరాన్, బాలగోపాల్ లాంటి పెద్దవాళ్లే గుర్తొస్తారు. కానీ ఆ ఉదయం మాకు కావాల్సింది మా టౌన్ కోర్టుకి పది నిమిషాల్లో రాగలిగే మనిషి. అరెస్టైనవాళ్లని 24 గంటల్లో దగ్గర్లోని మెజిస్ట్రేట్ ముందు పెట్టాలని, నచ్చిన లాయర్‌తో మాట్లాడనివ్వాలని రాజ్యాంగం 22వ అధికరణం చెప్తోంది. అంటే అసలు పనంతా మన ఊళ్లోనే, ఆ ఒక్క రోజులోనే జరగాలి.

కోర్టు ఎదురుగా టైపింగ్ సెంటర్ నడిపే అన్నని ‘పోలీసుల మీద పిటిషన్ వేయడానికి వెనకాడని లాయర్ ఎవరన్నా?’ అని అడిగా. వెంటనే ఒక మేడమ్ పేరు చెప్పాడు. ఆవిడ ముందుగా ఫీజు మాటెత్తలేదు. ఎన్నింటికి తీసుకెళ్లారు, ఎవరు చూశారు, సీసీ కెమెరా ఎక్కడుంది అని అడిగారు. అవన్నీ రాసి ఎస్పీ ఆఫీసుకి మెయిల్ పెట్టించారు. తర్వాత మాతో స్టేషన్‌కి వచ్చి, ‘అరెస్టైతే మెమో చూపించండి, కాకపోతే అబ్బాయిని పంపండి’ అన్నారు. అంతే. పిలిచినప్పుడు విచారణకి రావాలని నోటీసిచ్చి మధ్యాహ్నానికి వదిలేశారు.

వాడిని కొట్టారు. వెంటనే ప్రభుత్వాసుపత్రిలో చూపించి, దెబ్బలు కాగితం మీద రాయించుకోమన్నారు మేడమ్. కంప్లైంట్ ఇద్దామంటే పిన్ని వద్దంది, ‘రేపు మళ్లీ ఈ వీధుల్లోనే తిరగాలి కదే’ అని. రెండు వారాలు వాడు ఎవరితోనూ సరిగా మాట్లాడలేదు. ఒకరోజు వాడే వచ్చి, ‘అక్కా, ఆ మేడమ్ నంబరివ్వు’ అన్నాడు.

చేతిలో డబ్బుల్లేకపోతే జిల్లా కోర్టు దగ్గరుండే న్యాయసేవాధికార సంస్థకి వెళ్లండి. మహిళలకి, ఎస్సీ, ఎస్టీలకి, కస్టడీలో ఉన్నవాళ్లకి 1987 చట్టం ప్రకారం ఆదాయంతో పనిలేకుండా ఉచితంగా లాయర్‌ని ఇస్తారు. 15100కి ఫోన్ చేసినా దారి చెప్తారు. లాయర్ పేరు తెలిస్తే ఈ-కోర్ట్స్ యాప్‌లో వెతికి ఎలాంటి కేసులు చేస్తున్నారో చూడొచ్చు. ‘గెలుపు గ్యారంటీ’ అనేవాళ్లని మాత్రం నమ్మకండి. గ్యాస్ బుకింగ్ నంబర్ పక్కనే ఒక లాయర్ నంబర్ కూడా ఇవాళే సేవ్ చేసుకోండి.