బొరియల మీద క్యాంపు

మాది జగిత్యాల జిల్లా. మా వాడకట్టులో ఇంటికొకరు గల్ఫులో ఉంటారు. నేను సౌదీలో అల్ అహ్సా వైపు పైపులైను పనికి వెళ్లాను. పేరుకు ఖర్జూర తోటల సీమ. మా క్యాంపు మాత్రం తోటలకు దూరంగా, ఉప్పునేల మీద వేసిన రేకుల గదులు.

గదుల చుట్టూ బొరియలే. మన పొలాల్లో ఎలుక చీకటి పడితే గాని కనపడదు. అక్కడ లావుపాటి ఇసుక ఎలుకలు పట్టపగలే తిరుగుతాయి. వెనక కాళ్ల మీద కూర్చుని, ముందుకాళ్లతో ఉప్పుమొక్క రెమ్మ పట్టుకుని, ఆకు పైపొరను పళ్లతో గీరేసి లోపలి పచ్చిది తినేవి. తోక చివర నల్లటి కుచ్చు. మా బియ్యం జోలికి రాలేదు, మమ్మల్ని కరవలేదు. శుక్రవారం సెలవునాడు వాటిని చూడటమే మాకు కాలక్షేపం.

వేసవి రాత్రుల్లో జనరేటర్ ఆగిపోతే గదిలో ఉండలేక బయట ఇసుక మీద చాపలేసుకునేవాళ్లం. దోమల రొద ఉండదు. అయినా తెల్లారేసరికి చేతుల మీద ఎర్రటి దద్దుర్లు. నల్లులే అనుకున్నాం.

చలి మొదలయ్యే రోజుల్లో ముంజేతి మీద శనగగింజంత గడ్డ లేచింది. చీము లేదు, నొప్పి లేదు. వారాలు గడిచేకొద్దీ నడుమ గుంటపడి, అంచులు గట్టిగా పైకి లేచాయి. పైన పక్కు కట్టేది, ఊడితే కింద పచ్చిపుండు. తర్వాత చీలమండ మీద ఒకటి, చెంప మీద ఒకటి. క్యాంపు క్లినిక్కులో ఇచ్చిన మాత్రలు, ఆయింట్‌మెంట్లు దేనికీ తగ్గలేదు.

పుండు కంటే మనుషులే ఎక్కువ బాధపెట్టారు. మెస్సులో నా పళ్లెం వేరుచేశారు. మా గదిలోనే ఉండే కోరుట్ల అన్న, "తమ్మీ, ఏమనుకోకు, పెద్దరోగం లెక్కుంది. ఇంటికాడ నాకు చిన్నపిల్లలున్నరు" అని మంచం పక్క గదికి మార్చుకున్నాడు. వీడియో కాల్‌లో అమ్మకు చెంప కనపడకుండా ఫోన్ ఓరగా పట్టుకునేవాణ్ణి. ఆస్పత్రికి పోతే ఆ రోజు జీతం కోత.

చివరికి పెద్దాసుపత్రిలో చర్మం డాక్టరు పుండు చూసి, ముందు నా గది గురించి అడిగాడు. పక్కనున్న మలయాళీ నర్సు హిందీలో చెప్పింది, దగ్గర్లో ఎలుక బొరియలున్నాయా అంటున్నారని. ఎలుక కరవలేదన్నాను. కరవనక్కర్లేదట. పుండు అంచును బ్లేడుతో గీరి, గాజుపలక మీద రాసి పరీక్షకు పంపారు. లీష్మేనియా అని తేలింది. ఈ పరాన్నజీవి ఆ ఎలుకల ఒంట్లో ఉంటుంది. వాటి బొరియల చల్లదనంలోనే ఇసుక ఈగలు బతుకుతాయి. ఎలుక రక్తం తాగిన ఈగ రాత్రిపూట మనల్ని కుడుతుంది. రెండు మూడు మిల్లీమీటర్ల జీవి, చప్పుడు చేయదు, మామూలు దోమతెర కన్నాల్లోంచి దూరిపోతుంది.

మా గది బీహారీ ఆ పేరు వినగానే "కాలా అజార్!" అని వణికాడు. వాళ్ల వైపు అది ప్లీహం ఉబ్బి ప్రాణం తీసే జబ్బు. ఇది దానికి దాయాదే గానీ చర్మం దగ్గరే ఆగుతుందని, ముట్టుకుంటే అంటదని డాక్టరు చెప్పాడు. ఆ మాట కాగితం మీద రాయించి మెస్సు గోడకు అంటించాను. అరబీలో ఉంది, ఎవరు చదువుతారు!

వైద్యం గురించి చెప్పాలి. యాంటిమొనీ మందును పుండు చుట్టూ చర్మంలోకే సూదితో ఎక్కిస్తారు, అక్కడి చర్మం తెల్లబారేదాకా. అన్నాళ్లూ నొప్పి తెలియని పుండు అప్పుడు నిప్పంటుకున్నట్టు మండింది. చెంప మీద పొడిచినప్పుడు బల్ల అంచు పట్టుకుని అరిచాను. నయమయ్యేదాకా మళ్లీ మళ్లీ వెళ్లాల్సిందే.

తర్వాత ఆరోగ్యశాఖ వాళ్లు బోన్లు పెట్టి ఎలుకలను పట్టి, చెవుల చర్మం నుంచి నమూనాలు తీసుకుపోయారు. ఏం తేలిందో మాకెవరూ చెప్పలేదు. కొన్నాళ్లకు ట్రాక్టరొచ్చి ఉప్పుమొక్కలు పెకలించి బొరియలన్నీ దున్నేసింది. గదులు వేయకముందు చేయాల్సిన పని అది. అక్కడ పుట్టినవాళ్లలో ఈ జబ్బు చిన్నప్పుడే వచ్చిపోయినవాళ్లకు సాధారణంగా మళ్లీ రాదు. అది కొత్తగా దిగినవాళ్ల మీదే పడుతుందని కంపెనీకి తెలియదంటే నేను నమ్మను.

పుండ్లు మానాయి, మచ్చలు పోలేదు. నా చెంప మానుతున్న రోజుల్లోనే కోరుట్ల అన్న ఒక సాయంత్రం గుమ్మం దగ్గర నిలబడి చొక్కా చేయి పైకి మడిచాడు. మోచేతి కింద గడ్డ.

"తమ్మీ, ఆ సూది బాగ నొస్తదా?"

"నొస్తదన్నా" అన్నాను.