పది మంది కావాలె

జనవరి 5, ఆదివారం

పొద్దున కోర్టుకు వెళ్లేసరికి ఏడుగురే ఉన్నారు. బాల్ బ్యాడ్మింటన్‌లో ఫైవ్స్ అంటే అటు ఐదుగురు, ఇటు ఐదుగురు. నాతో కలిపి ఎనిమిదే కాబట్టి నలుగురేసి ఆడాం. కోర్టు పొడవు 24 మీటర్లు. సెంటర్‌లో మనిషి లేకపోతే నడుమ పడే బంతికి దిక్కుండదు. ముందువాళ్లు వెనక్కి, వెనకవాళ్లు ముందుకు ఉరకడంతోనే సరిపోయింది.

టీ దగ్గర రిజిస్ట్రేషన్ మాట వచ్చింది. స్థలం మాకు కాగితం మీద రావాలన్నా, బ్యాంకులో ఖాతా తెరవాలన్నా క్లబ్బు సొసైటీగా నమోదై ఉండాలి. 2001 నాటి చట్టం ప్రకారం కనీసం ఏడుగురు సభ్యులు, నియమావళి, రాతపూర్వకంగా ‘ఆశయాలు, ఉద్దేశాలు’ ఉండాలి. ఏడుగురు ఎటూ ఉన్నాం. ఉద్దేశాల దగ్గరే అందరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. బ్యాంకు ఉద్యోగినని, కాగితాలు నాకు అలవాటని ఆ పని నాకు అంటగట్టారు.

జనవరి 8, బుధవారం

ఒకాయన వాట్సాప్‌లో నమూనా పంపాడు. “క్రీడాస్ఫూర్తిని పెంపొందించి సమాజ సర్వతోముఖాభివృద్ధికి కృషి చేయుట” అని మొదలై, నాలుగో అంశంలో “గోశాల నిర్వహణ” అని ఉంది. ఏదో గుడి కమిటీది దించి ‘ఆలయం’ ఉన్నచోటల్లా ‘క్రీడ’ అని పెట్టారు, ఆవులను మరిచిపోయారు.

నవ్వుకున్నాను కానీ నాకు నచ్చనిది గోశాల కాదు, మొదటి వాక్యం. దాన్ని ఎవరూ కాదనలేరు. ఎవరూ కాదనలేని మాట తగవు వచ్చిన రోజున ఎవరి పక్షానా నిలబడదు. తగవు ఎదురుగానే ఉంది: సాయంత్రాలు స్థలం తనకిస్తే బాక్స్ క్రికెట్ పెట్టుకుంటానని, నెలకు పాతిక వేలు కడతానని ఒకాయన తిరుగుతున్నాడు. మా నెల చందాలన్నీ కలిపినా అందులో పావు వంతు రావు.

జనవరి 12, ఆదివారం

మీటింగ్. ఉద్దేశమేంటని అడిగితే మళ్లీ ఆరోగ్యం, క్రమశిక్షణ, ఐకమత్యం అంటారని ప్రశ్న మార్చాను. “ఏది ఆగిపోతే మీరు క్లబ్బుకు రావడం మానేస్తారు?” అని చీటీలు పంచాను.

చీటీలు తమాషాగా వచ్చాయి. ఒకరికి టోర్నమెంట్లు, ఒకరికి ఆట తర్వాతి టీ. మాలో అందరికన్నా పెద్దాయన చీటీ రాయకుండా నోటితోనే చెప్పాడు: “బిడ్డా, నాకు పొద్దుగాల నలుగురు మనుషులు కావాలె. ఇంట్ల టీవీ తప్ప మాట్లాడెటోళ్లు లేరు. ఆట ఒక సాకు.”

రిటైరైన డ్రిల్ సార్‌కు కోపం వచ్చింది. “సాకా? పిచ్చయ్య గారు ఆడిన వరంగల్ ఇది!” అన్నాడు. ఈ ఆటకు మొదటి అర్జున అవార్డు 1970లో జమ్మలమడక పిచ్చయ్య గారికే వచ్చింది. నూరేళ్లు దాటి బతికి 2021 డిసెంబరులో పోయారు. సార్ కోపం న్యాయమైనదే. కానీ ఎనిమిది మందితో ఆడుతూ ఘనచరిత్ర చెప్పుకోవడం నాకు ఎబ్బెట్టుగానే ఉంటుంది.

జనవరి 16, గురువారం

పండగ సెలవు కదా అని సాయంత్రం వెళ్లాను. హైస్కూలు ఆడపిల్లలు తొమ్మిది మంది ఉన్నారు. ఒక పిల్ల రాకెట్ పిడికి సైకిల్ ట్యూబు ముక్క చుట్టుకుంది. నేను కట్ కొడితే ఊలు బంతి నెట్ దాటీ దాటగానే చచ్చుబడి కింద పడింది. ఈ ఆటలో బంతి నేల తాకిందంటే పాయింటు పోయినట్టే. ఆ పిల్ల అవే కట్‌లు పదేపదే కొట్టించుకుని, చివరికి మోకాలి మీద కూర్చుని, రాకెట్ నేలకు రాసుకునేలా పెట్టి ఒకదాన్ని లేపింది. “మాతోని మేమే ఆడితే ఇసొంటి బంతులు రావక్కా” అంది.

అక్కడే నాకు లెక్క కుదిరింది. షటిల్‌కు ఇద్దరున్నా చాలు. మా ఆటకు పది మంది కావాలి. పెద్దాయనకు కావలసిన మనుషులు, ఈ పిల్లకు కావలసిన ఎదురు, డ్రిల్ సార్‌కు కావలసిన ఆట, అన్నీ ఆ పదిలోనే ఉన్నాయి.

వాళ్ల నాన్న ఆటో నడుపుతాడు. పిల్లను తీసుకుపోవడానికి వచ్చి “దీంతోని నౌకరీ వస్తదా మేడమ్?” అని అడిగాడు. రైల్వేకు జట్లున్నాయి, కేంద్ర ప్రభుత్వ క్రీడా కోటా జాబితాలో ఆట పేరుంది. కానీ ఇది ఒలింపిక్స్‌లో లేదు, ఆసియా క్రీడల్లో లేదు. ఉన్నది ఉన్నట్టు చెప్పాను. ముసాయిదాలో “ఉపాధి అవకాశాలు కల్పించుట” అని ఎవరో చేర్చారు. ఇంటికొచ్చి కొట్టేశాను.

జనవరి 19, ఆదివారం

ఉద్దేశం ఒక్క వాక్యం రాశాను: “వయసు, ఆడ-మగ, కులం, కొలువు తేడా లేకుండా, రోజూ రెండు పూటలా పది మంది బాల్ బ్యాడ్మింటన్ ఆడేలా చూడటం.” మరీ చిన్నగా ఉందన్నారు. ఉండనీ అన్నాను. దాని కిందే టైమ్‌టేబుల్ పెట్టాను: సాయంత్రం కోర్టు ముందు పిల్లలది. వారానికి రెండు సాయంత్రాలు పెద్దలు వచ్చి వాళ్లతో ఆడాలి. ఆదివారం పొద్దున పిల్లలు మాతో.

వాక్యానికి అందరూ తలూపారు. గొడవంతా టైమ్‌టేబుల్ మీదే. పాతిక వేలు వదులుకోవడం తెలివితక్కువని ఒకాయన గట్టిగా వాదించాడు. లైట్లు, నెట్లు, రోలర్ అన్నీ ఆ డబ్బుతో వచ్చేవి. ఆయన మాటలో అబద్ధం లేదు. కానీ సాయంత్రం పిల్లలు పోతే మాలో మిగిలేది ఎనిమిది, ఆ తర్వాత ఆరు. పదకొండు చేతులు లేచాయి, మూడు లేవలేదు. ఆయన లేచి వెళ్లిపోయాడు. డ్రిల్ సార్ బతిమాలబోతే పెద్దాయన ఆపాడు.

జనవరి 27, సోమవారం

ఫైలు ఇచ్చి వచ్చాం. ఏడు సంతకాల్లో రెండు ఆడవాళ్లవి, నాదీ పిల్లల పీఈటీ మేడమ్‌దీ. బాక్స్ క్రికెట్ ఆయనకు కుదరదని ఫోన్ చేసి చెప్పేశాను. ఈ ఏడాది లైట్లు రావు, కాబట్టి సాయంత్రం ఆట చీకటి పడేలోపే. నిన్న పొద్దున కోర్టు దగ్గర పన్నెండు మంది తేలాం. ఇద్దరు బయట కూర్చోవలసి వచ్చింది.