పిల్లవాని భాష తెలిసిన ఆచార్యుడు

విశ్వవిద్యాలయంలో ఒక అధ్యాపక పదవి ఖాళీ అయితే, అది ఆ శాఖవారికీ, ఆ పదవిని ఆశించేవారికీ మాత్రమే సంబంధించిన సంగతి అని లోకం భావిస్తుంది. చాలా శాస్త్రాల విషయంలో ఈ భావన కొంతవరకు నిజమే కావచ్చు. కాని పాఠశాల మనస్తత్వ శాస్త్రం సంగతి వేరు. ఆ శాస్త్రాన్ని బోధించడానికి నేడు ఎవరిని ఎన్నుకొంటామో దానిని బట్టి, మరి పదేళ్ళకు మన ఊరి బడిలో చదువు అందక దిగులుపడే పిల్లవాని ఎదుట ఎవరు కూర్చుంటారో నిర్ణయమవుతుంది. అందుచేతనే ఈ విషయాన్ని మన కళాశాల సంచికలో ప్రస్తావించడానికి సాహసిస్తున్నాము.

మేము హనుమాన్ జంక్షన్ వాళ్ళం. మా కూడలి నుంచి ఒక దారి విజయవాడకు, ఒకటి ఏలూరుకు, ఒకటి నూజివీడుకు, మరొకటి గుడివాడకు పోతాయి. నాలుగూ చదువుల దారులే. విజయవాడ వైపు వెళ్తే వసతి గృహాలతో కూడిన ఇంటర్మీడియెట్ కళాశాలలు కనిపిస్తాయి. నూజివీడులో 2008లో స్థాపించిన ట్రిపుల్ ఐటీకి, పదవ తరగతి ముగించిన పల్లెటూరి పిల్లలు ఆరేళ్ళ చదువు కోసం వెళ్తారు. కళాశాలలు తెరిచే రోజుల్లో మా బస్టాండులో పెట్టెలు, బకెట్లు, వాటి ప్రక్కన మాట పెగలని తల్లిదండ్రులు కనిపిస్తారు. ఆ పిల్లలకు ఎన్ని మార్కులు వచ్చినవో అందరూ అడుగుతారు. మార్కులు రాని పిల్లవానికి ఎందుకు రాలేదో నిదానంగా కూర్చొని తెలుసుకొనేవారు అరుదు. ఆ తెలుసుకొనే పనే పాఠశాల మనస్తత్వవేత్త పని.

ఈ శాస్త్రం పుట్టింది కూడా ఒక బడి పిల్లవాని కష్టం నుంచే. 1896లో అమెరికాలోని పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో లైట్‌నర్ విట్మర్ అనే ఆచార్యుని వద్దకు ఒక ఉపాధ్యాయురాలు తన విద్యార్థిని తీసుకొనివచ్చింది. తెలివిగల పిల్లవాడే, కాని అక్షరక్రమం ఎంత నేర్పినా నిలువదు. ఆ బాలుని పరీక్షించడంతో విట్మర్ చికిత్సాలయం ఆరంభమైంది. 1915లో కనెక్టికట్ రాష్ట్రం ఆర్నాల్డ్ గెసెల్‌ను ‘స్కూల్ సైకాలజిస్టు’ అన్న పేరుతోనే నియమించింది. మన దేశంలో 1947లో అలహాబాదులో మనోవిజ్ఞానశాల వెలసింది. 1964-66 నాటి కొఠారీ కమిషన్ విద్యార్థులకు మార్గదర్శనం పాఠశాల విద్యలో భాగం కావాలని చెప్పింది. ఇంత కాలం గడిచినా, మన తెలుగు విశ్వవిద్యాలయాలలో మనస్తత్వ శాస్త్రం ఉన్నదే కాని, పాఠశాల మనస్తత్వ శాస్త్రానికని ప్రత్యేకంగా ఒక పదవిని ప్రకటించడం అపురూపమే.

అవసరం మాత్రం పెరిగింది. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం నిర్దిష్ట అభ్యసన వైకల్యాన్ని వైకల్యాల జాబితాలో చేర్చింది. జాతీయ నేర నమోదు సంస్థ లెక్కల ప్రకారం 2022లో దేశంలో 13,044 మంది విద్యార్థులు ఆత్మహత్య చేసుకొన్నారు. మన ఆంధ్రప్రదేశ్‌లోనే మొదలైన ఒక వ్యాజ్యంలో 2025 జూలై 25న సుప్రీంకోర్టు తీర్పు చెప్తూ, నూరుమంది లేక అంతకు మించి విద్యార్థులున్న ప్రతి విద్యాసంస్థలో కనీసం ఒక అర్హతగల కౌన్సెలరో, మనస్తత్వవేత్తో, సామాజిక కార్యకర్తో ఉండాలని నిర్దేశించింది. చాలా మంచి మాట. కాని ఆ అర్హతను ఇచ్చేదెవరు? విశ్వవిద్యాలయంలోని ఆచార్యులే గదా! వారిని ఎంచే పద్ధతి ఎట్లున్నదో ఇప్పుడు చూతము.

మాకు పరిచయమున్న ఒక విదుషీమణి ఉన్నారు. మేమందరం ఆమెను ‘ఆపా’ అని పిలుస్తాము. ఆమె మనస్తత్వ శాస్త్రంలో డాక్టరేటు పొంది, ఆరేళ్ళుగా మా చుట్టుపట్ల పాఠశాలల్లో పనిచేస్తున్నారు. ఒకనాడు ఒక తెలుగు మాధ్యమ పాఠశాలలో, లెక్కలలో వెనుకబడిన మూడవ తరగతి పిల్లవాణ్ణి ఆమెకు అప్పగించారు. ‘ముప్పైయేడు’ వ్రాయమంటే 73 అని వ్రాస్తున్నాడు. మందబుద్ధి అని ఇదివరకే పేరు పడింది.

ఆపా పలక ప్రక్కన పెట్టి, చింతపిక్కలు అతని ముందు పోశారు. ముప్పైయేడు తీయమన్నారు. పిల్లవాడు పదేసి చొప్పున మూడు కుప్పలు పెట్టి, విడిగా ఏడు ఉంచి, “సైంతీస్” అన్నాడు. ఇంటి భాష ఉర్దూ. తెలుగులో మనం ముందు పదులు పలికి, తరువాత ఒకట్లు పలుకుతాము. ఉర్దూలో ‘సైంతీస్’ అన్నప్పుడు ఏడు ముందు వినబడుతుంది, ముప్పై తరువాత వస్తుంది. ఉర్దూ లిపి కుడి నుంచి ఎడమకు సాగినా అంకెలను మాత్రం ఎడమ నుంచే వ్రాస్తారు. పిల్లవాడు తన చెవికి వినబడిన వరుసలో వ్రాశాడు. సంఖ్య అతనికి తెలుసు, దానిని వ్రాసే వరుస కుదరలేదు. ఆపా ఉపాధ్యాయునితో మాట్లాడి, కొన్ని వారాలపాటు ‘మూడు పదులు, ఏడు’ అని పలికించి వ్రాయించారు. చదవడంలోని కష్టాలన్నీ అంతటితో తీరలేదు. అయినా మందబుద్ధి అన్న పేరు పోయింది.

ఈ రెండు భాషలూ తెలియని పరీక్షకుడు, ఇంగ్లీషులో పుట్టిన ప్రశ్నపత్రం చేతబట్టి వచ్చి ఉంటే, ఆ 73ను ఏ ఖాతాలో వేసి ఉండేవాడు? మన పెద్దలు ఈ శాస్త్రాన్ని మన భాషల్లోకి తేవడానికి తక్కువ శ్రమ పడలేదు. హైదరాబాదులో 1917లో ఏర్పడిన దారుల్ తర్జుమా ఉస్మానియా విశ్వవిద్యాలయం కోసం శాస్త్ర గ్రంథాలను ఉర్దూలోకి తెచ్చింది. 1968లో స్థాపించిన తెలుగు అకాడమి కళాశాల పాఠ్యగ్రంథాలను తెలుగులో అందించింది. నఫ్సియాత్ అన్నా, మనస్తత్వ శాస్త్రం అన్నా మనకు అర్థమవుతుంది. ఆ శాస్త్రం పిల్లవానితో అతని భాషలో మాట్లాడడమే ఇంకా మిగిలిన పని.

ఆపా ఒక విశ్వవిద్యాలయంలో అసిస్టెంట్ ప్రొఫెసర్ పదవికి దరఖాస్తు చేశారు. ఇంటర్వ్యూలో ప్రచురణలెన్ని అని అడిగారు. రెండు అని చెప్పారు. కళాశాలలో బోధించిన అనుభవం ఉన్నదా అని అడిగారు. “లేదండీ, ఆరేళ్ళుగా పాఠశాలల్లో పిల్లలతో పనిచేస్తున్నాను” అన్నారు. “ఆ అనుభవం లెక్కకు రాదమ్మా” అని సౌమ్యంగానే చెప్పారట. ఆ ఆరేళ్ళలో ఏమి చూశారని ఎవరూ అడుగలేదు. ఉద్యోగం వేరొకరికి వచ్చింది. వారి పాండిత్యాన్ని మేము శంకించడం లేదు. ఆ ఒక్క ప్రశ్న వేయకుండానే ఇంటర్వ్యూ ముగిసిందన్నదే మా బాధ.

నిబంధనలు అడ్డమా అని చూశాము. యూజీసీ 2018 నిబంధనల ప్రకారం విశ్వవిద్యాలయాలు అభ్యర్థులను వడపోయడానికి నూరు మార్కుల పట్టిక ఉన్నది. అందులో డిగ్రీకి 15, పీజీకి 25, డాక్టరేటుకు 30, ప్రచురణలకు 10, బోధన లేక డాక్టరేటు తరువాతి పరిశోధన అనుభవానికి 10 వరకు మార్కులు. పాఠశాలలో పిల్లలతో గడిపిన సంవత్సరాలకని విడిగా గడి లేదు. అయితే అవే నిబంధనలు, ఈ మార్కులు ఇంటర్వ్యూకు పిలవడం వరకే అనీ, ఎన్నిక ఇంటర్వ్యూలో చూపిన ప్రతిభను బట్టే జరగాలనీ చెప్తున్నవి. తరగతి గదిలో వలె ఒక ఉపన్యాసమో, సెమినారో ఇప్పించి అభ్యర్థి సామర్థ్యాన్ని పరిశీలించవచ్చునని కూడా వాటిలో ఉన్నది. కనుక పట్టికలో లేని చోటు ఇంటర్వ్యూ గదిలో ఉన్నది.

అంకెల పట్టిక ఊరకే రాలేదని మాకు తెలుసు. బంధుప్రీతి, సిఫారసులు, కులం, మతం చూసి ఉద్యోగాలిచ్చే అలవాటుకు అది కొంత కళ్ళెం. ‘పిల్లల భాష తెలిసినవారు’ అన్న మాటను అడ్డం పెట్టుకొని ‘మావాడు’ అని ఎవరినో తెచ్చి కూర్చోబెట్టే ప్రమాదమూ లేకపోలేదు. అల్పసంఖ్యాకుల కళాశాలలో చదివిన మేము ఈ మాటను మరింత స్పష్టంగా చెప్పాలి. మన వారినే నియమించమని మేము అడగడం లేదు. కేరళ నుంచి వచ్చినా, బెంగాలు నుంచి వచ్చినా సరే, పిల్లవాని ఇంటి భాష ఏమిటని ముందు విచారించే ఆచార్యుడు మాకు కావాలి. తనకు ఆ భాష రాకపోతే, వచ్చిన ఉపాధ్యాయుని ప్రక్కన కూర్చోబెట్టుకొనే వినయం ఉంటే చాలు.

అందుకు ఒక సులభమైన మార్గాన్ని పెద్దల ముందు ఉంచుతున్నాము. పేరు తీసివేసిన ఒక పిల్లవాని లెక్కల పుస్తకాన్ని ఇంటర్వ్యూకు ఒక గంట ముందు అభ్యర్థులందరికీ ఇవ్వాలి. ఈ పిల్లవానిని మొదట ఏమి అడుగుతారు? ఏ పరీక్ష పెడతారు, ఏ భాషలో పెడతారు? ఉపాధ్యాయునితో ఏమి చెప్తారు, తల్లితో ఏమి చెప్తారు? మీ విద్యార్థులకు ఈ పనిని ఏ బడిలో, ఎట్లా నేర్పుతారు? అందరికీ ఇవే ప్రశ్నలు, అవే మార్కులు ఉంటే పక్షపాతానికి తావు తగ్గుతుంది. అమెరికాలోని పాఠశాల మనస్తత్వవేత్తల జాతీయ సంఘం ప్రమాణాల ప్రకారం ఈ వృత్తిలో ప్రవేశించేవారు 1,200 గంటలు ఆచరణలో శిక్షణ పొందాలి. అందులో కనీసం 600 గంటలు పాఠశాలలోనే గడపాలి. అటువంటి శిక్షణను పర్యవేక్షించవలసిన ఆచార్యునికి బడి గడప పరిచయం లేకపోతే ఎట్లా?

కళాశాల కమిటీ పెద్దలకు మా విన్నపం ఒక్కటే. మీలో పలువురికి విశ్వవిద్యాలయ పాలక మండలులలోని వారితో పరిచయాలున్నవి. ఈ సూచనను వారికి చేరవేయండి. మన కళాశాలలో కౌన్సెలరును నియమించేటప్పుడు ముందుగా మీరే దీనిని ఆచరించి చూపండి. విద్యార్థి మిత్రులారా, మీలో రెండు భాషలు ఇంట్లోనే నేర్చినవారు ఎందరో ఉన్నారు. అది ఈ శాస్త్రంలో గొప్ప పెట్టుబడి. మనస్తత్వ శాస్త్రం చదవండి, డాక్టరేటు సంపాదించండి, పత్రాలు ప్రచురించండి, బడులలో పిల్లల ప్రక్కన కూర్చోండి. ఆపా మరల దరఖాస్తు చేస్తున్నారు. ‘సైంతీస్’ను గురించి ఒక పరిశోధన పత్రం కూడా వ్రాస్తున్నారు. ఈసారి ఆ ఆరేళ్ళను గురించి ఆమెను ఎవరైనా అడుగుతారని ఆశిస్తున్నాము.